పాత గేమ్ సీడీలు కొత్త సిస్టమ్‌లో ఆడట్లేదు, సీడీ లాక్ లేని వెర్షన్ ఎక్కడ దొరుకుద్ది?

పాలకొల్లు కుర్రోడు:
పొద్దున్నుంచి దీని మీదే కూర్చున్నానండి, బుర్ర వేడెక్కిపోయింది. ఒరిజినల్ సీడీలే, బాక్సులతో సహా ఉన్నాయి. ఒకటేమో సీడీ డ్రైవ్‌లో ఉంటేనే ఆడుద్ది. రెండోది అసలు లేవదు. ఐకాన్ నొక్కితే పర్మిషన్ అడుగుద్ది, ఎస్ కొడితే అంతే సంగతులు, ఎర్రర్ కూడా రాదు. పోనీ ఐఎస్ఓ (సీడీ మొత్తం ఒకే ఫైలుగా కాపీ) చేసుకుందామంటే రీడ్ ఎర్రర్లు. డబ్బులిచ్చి కొన్నోడికి లాక్ లేని వెర్షన్ ఇస్తారా ఇవ్వరా? సూటిగా చెప్పండి బాబూ.

అత్తిలి:
ఏ గేములు? ఏ విండోస్?

కోనసీమ కొబ్బరి:
ముందు ఆ సీడీల సంగతి చూడండి. మన డెల్టా తేమకి బీరువాలో దాచినా సీడీలకి బూజు పడుద్ది. లైటుకి ఎదురుగా పెట్టి చూడండి, సాలెగూడులా సన్నటి మరకలు కనిపిస్తాయి. గోరువెచ్చటి నీళ్ళలో ఒక్క చుక్క గిన్నెల సబ్బు వేసి, మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకి నిలువుగా తుడవాలి. గుండ్రంగా తిప్పి తుడవకూడదు, గీత ట్రాక్ వెంట పడితే డ్రైవ్ సరిచేసుకోలేదు. బొమ్మ ఉన్న వైపు అసలు రుద్దొద్దు, డేటా పొర ఆ వైపే ఉంటుంది. ఆరాక సిలికా జెల్ పొట్లం వేసి గట్టి మూత డబ్బాలో పెట్టండి.

అత్తిలి:
ఆయన అడిగింది బూజు గురించి కాదండి.

కోనసీమ కొబ్బరి:
రీడ్ ఎర్రర్లు అని ఆయనే రాశారు కదండీ మరి.

మండపేట సిస్టమ్స్:
ఆ ఎర్రర్లన్నీ బూజువి కాకపోవచ్చు. సేఫ్‌డిస్క్ అనే కాపీ లాక్ ఉన్న సీడీల్లో చదవడానికి వీలుకాని సెక్టార్లు (డేటా ముక్కలు) తయారీలోనే కావాలని పెడతారు. ఎర్రర్లు డిస్క్ మొదట్లో ఒకేచోట గుంపుగా వస్తే అది లాక్, అక్కడక్కడా చెదురుగా వస్తే గీతో బూజో. మామూలు ఐఎస్ఓలోకి ఆ సెక్టార్లు రావు కాబట్టి కాపీ పనిచేయదు. సీడీ తెరిచి ఫైళ్ళు చూడండి. 00000001.టీఎంపీ గానీ సెక్‌డ్రివ్.ఎస్‌వైఎస్ గానీ ఉంటే సేఫ్‌డిస్క్. సీఎంఎస్16.డీఎల్ఎల్ లాంటివి ఉంటే సెక్యూరామ్ అనే ఇంకో లాక్.

పాలకొల్లు కుర్రోడు:
విండోస్ 10 అండి. అందరికీ అదే కదా అని రాయలేదు. గేములు స్టార్‌క్రాఫ్ట్ బ్రూడ్ వార్, నీడ్ ఫర్ స్పీడ్ అండర్‌గ్రౌండ్ 2. లేవనిది ఈ రెండోదే.

మండపేట సిస్టమ్స్:
ఈ మాట ముందే చెబితే సగం పని తప్పేది.

స్టార్‌క్రాఫ్ట్‌కి కంపెనీ వాళ్ళే 2008లో 1.15.2 ప్యాచ్‌తో (అప్‌డేట్ ఫైలు) సీడీ అవసరం తీసేశారు. మీ గేమ్‌ని 1.16.1కి అప్‌డేట్ చేయండి. స్టార్‌క్రాఫ్ట్ సీడీలో ఉన్న ఇన్‌స్టాల్.ఈఎక్స్ఈని గేమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి స్టార్‌క్రాఫ్ట్.ఎంపీక్యూ అని పేరు మార్చండి. తర్వాత బ్రూడ్ వార్ సీడీలో ఉన్న ఇన్‌స్టాల్.ఈఎక్స్ఈని కూడా అలాగే కాపీ చేసి బ్రూడ్‌వార్.ఎంపీక్యూ అని మార్చండి. మొదటిదాని పేరు మార్చాకే రెండోది కాపీ చేయాలి, లేకపోతే ఒకదాని మీద ఒకటి పడిపోద్ది. అందరూ తప్పేది ఇంకోచోట: విండోస్ ఎక్స్‌టెన్షన్లు (ఫైలు పేరులో చుక్క తర్వాత ముక్క) దాచేస్తుంది, మీరు ఎంపీక్యూ అని రాసినా లోపల ఎంపీక్యూ.ఈఎక్స్ఈగానే ఉండిపోద్ది. ఫోల్డర్ వ్యూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ పెట్టాకే పేరు మార్చండి. రంగులు చెడితే కంపాటిబిలిటీలో 8 బిట్ రంగులు పెట్టండి.

ఇదంతా వద్దనుకుంటే 2017 నుంచి 1.18 వెర్షన్ వాళ్ళే ఉచితంగా ఇస్తున్నారు, సీడీ కీ కూడా అడగరు.

అండర్‌గ్రౌండ్ 2 కథ వేరు. దానిది సేఫ్‌డిస్క్ లాక్, దానికి విండోస్‌లో సెక్‌డ్రివ్ అనే డ్రైవర్ కావాలి. విండోస్ 10 వచ్చిన 2015లోనే దాన్ని మైక్రోసాఫ్ట్ తీసేసింది, అందుకే చప్పుడు లేకుండా ఆగిపోతోంది. లాక్ లేని అధికారిక వెర్షన్ దీనికి లేదు, ఆన్‌లైన్ స్టోర్లలోనూ అమ్మట్లేదు.

భీమవరం బుల్లోడు:
ఇంత రాయడం దేనికండి, క్రాక్ ఫైలు (లాక్ పగలగొట్టేది) వేస్తే రెండు నిమిషాల పని. ప్యాచ్ అన్నా క్రాక్ అన్నా చేసేది ఒకటే.

తణుకు:
ఒకటెలా అవుద్దండి? ప్యాచ్ అమ్మినవాడు ఇస్తాడు, క్రాక్ ఊరూపేరూ లేనోడు ఇస్తాడు, దాంతోపాటు వైరస్సూ ఇస్తాడు. కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో 65ఎ సెక్షన్ వచ్చింది. హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో లాక్ పగలగొడితే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. సొంత ప్రోగ్రామ్‌కి బ్యాకప్ కాపీ తీసుకోవచ్చని 52వ సెక్షన్‌లో వేరే ఉంది.

భీమవరం బుల్లోడు:
మీరే అన్నారు, ఉల్లంఘించే ఉద్దేశం ఉంటేనే అని. కొన్న గేమ్ ఆడుకోడానికి ఆ ఉద్దేశం ఎక్కడిది?

తణుకు:
క్రాక్ పంచిపెట్టేవాడి ఉద్దేశం సంగతో?

అత్తిలి:
వాదన ఆపండి. అండర్‌గ్రౌండ్‌కి దారులు మూడు. 1) పాత ఎక్స్‌పీ సిస్టమ్, నెట్ తీసేసి. 2) విండోస్ 7. అక్కడ డ్రైవర్ ఉంది కానీ 2015 అప్‌డేట్ దాన్ని ఆపేసింది. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్‌సీ కాన్ఫిగ్ సెక్‌డ్రివ్ స్టార్ట్= డిమాండ్, తర్వాత ఎస్‌సీ స్టార్ట్ సెక్‌డ్రివ్. ఈక్వల్ గుర్తు తర్వాత ఒక ఖాళీ వదలాలి. ఆడటం అయ్యాక ఎస్‌సీ స్టాప్ సెక్‌డ్రివ్ కొట్టండి, ఆ డ్రైవర్లో భద్రతా లోపం ఉంది. 3) మీ విండోస్ 10 మీదే సేఫ్‌డిస్క్‌షిమ్ అనే ప్రోగ్రామ్. ఓపెన్ సోర్స్. లాక్ తీయదు, డ్రైవర్ చెప్పాల్సిన జవాబు తను చెబుద్ది. ఒరిజినల్ డిస్క్ డ్రైవ్‌లో ఉండాలి. సెక్‌డ్రివ్ ఫైలు మాత్రం ఏదో సైట్ నుంచి తెచ్చి 10లో పెట్టకండి.

కోనసీమ కొబ్బరి:
జీఓజీ అనే ఆన్‌లైన్ గేముల స్టోర్‌లో సీడీ చూపిస్తే ఫ్రీగా ఇస్తారట కదా?

మండపేట సిస్టమ్స్:
ఇవ్వరు. జీఓజీ కనెక్ట్ అని ఒకటి ఉండేది, అదీ స్టీమ్ అనే ఇంకో స్టోర్‌లో కొన్న కొన్ని గేములకే, 2023లో మూసేశారు. జీఓజీలో కొంటే మాత్రం లాక్ లేని ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ వస్తుంది. పెద్ద గేములకి ఈఎక్స్ఈతో పాటు బిన్ ఫైళ్ళు ఉంటాయి, అన్నీ ఒకే ఫోల్డర్లో దించుకోండి, ఒకటి తగ్గినా ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోద్ది.

పాలకొల్లు కుర్రోడు:
బ్రూడ్ వార్ లేచిందండి, ఎక్స్‌టెన్షన్ దగ్గరే ఆగింది. థాంక్స్. రెండోది తర్వాత చూస్తా.

కైకరం:
నాది ఇంకో రకం అండి, 64 బిట్ విండోస్‌లో పాత గేమ్ సెటప్పే తెరుచుకోట్లేదు.

అత్తిలి:
16 బిట్ సెటప్ అయ్యుంటుంది. 64 బిట్ విండోస్‌లో 16 బిట్‌వి నడిపే ఓటీవీడీఎం అనే ప్రోగ్రామ్‌తో రన్ చేయండి. ఏ గేమ్?