సలహా ఇవ్వకుండా నోటుపుస్తకం రాయిస్తున్న కౌన్సెలర్: ఈ పద్ధతి సరైనదేనా?

ప్రశ్న: కృష్ణలంక_చదువరి

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్నాను. ఏడాదిగా చిన్న మాటకే అమ్మ మీద విరుచుకుపడటం, ఆ తరువాత రెండు మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేకపోవడం అలవాటుగా మారడంతో ఆరు వారాల నుంచి ఒక కౌన్సెలర్ దగ్గరకు వెళుతున్నాను. ఆవిడ ఇంతవరకు ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. ఏం జరిగింది, అప్పుడు మనసులో ఏ మాట మెదిలింది, ఒంట్లో ఎలా అనిపించింది, నేనేం చేశాను అని నాలుగు గడులు గీసి రోజూ రాసుకు రమ్మన్నారు. రాసినప్పుడల్లా మనసు తేలికపడకపోగా ఇంకా బరువెక్కుతోంది. "డబ్బిచ్చి నీ కబుర్లు నువ్వే చెప్పుకుని రావడం దేనికి?" అని మా అన్నయ్య అంటుంటే ఏం జవాబు చెప్పాలో తెలియడం లేదు. ఈ పద్ధతి తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు: మనోవైద్య_విద్యార్థిని (ఇప్పుడు క్లినికల్ సైకాలజిస్టుని)

నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది మూడో వారానికో నాలుగో వారానికో ఇదే ప్రశ్న అడుగుతారు కనుక కొంచెం వివరంగానే రాస్తాను. "అమ్మ మీద అరవకండి" అని మీ కౌన్సెలర్ చెప్పవచ్చు, కానీ అరవకూడదని తెలియక ఎవరూ అరవరు.

ఆ నాలుగు గడుల వెనుక ఒక చరిత్ర ఉంది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు 1960ల తొలినాళ్లలో డిప్రెషన్‌తో బాధపడేవారికి చికిత్స చేస్తూ, వారు పైకి చెప్పే మాటలకు అడుగున తమలో తాము అనుకునే మాటలు మరికొన్ని రెప్పపాటులో వచ్చిపోతుంటాయని, అవి ఎంతగా అలవాటైపోతాయంటే ఆలోచనల్లా కాక నిజాల్లా తోస్తాయని గమనించారు. జరిగిన సంగతి, తోచిన మాట, గుండెదడ, నోటి నుంచి వచ్చిన అరుపు అన్నీ ఒకే ముద్దగా మీద పడతాయి. ఆ ముద్దను విడదీయడానికే గడులు.

మన భాష ఈ పనికి ఎంత సాయపడుతుందో చెప్పకుండా ఉండలేను. మొదట్లో అందరూ "కోపం వచ్చింది" అనో "ఏదోలా ఉంది" అనో రాస్తారు. అది కోపమా, ఉక్రోషమా, చిన్నబోవడమా, నొచ్చుకోవడమా, బెంగా అని నేను మెల్లగా అడుగుతాను. కోపానికి ఎదుటివారి తప్పు ఒక్కటే కనిపిస్తుంది, ఉక్రోషంలో మన చేతకానితనం కూడా కలిసి ఉంటుంది, బెంగలో దూరమైపోతారేమోనన్న మనిషి ఒకరు ఉంటారు. సరైన మాట దొరికిన క్షణాన బిగుసుకున్న భుజాలు కిందికి దిగడం నేను ఎన్నోసార్లు కళ్లారా చూశాను.

ఇక బరువు సంగతి. రాసిన పేజీ "నేనెప్పుడూ ఇంతే" అన్న వాక్యంతో ముగుస్తుంటే అక్కడ మీరు గమనించడం మానేసి తీర్పు చెప్పుకోవడం మొదలుపెట్టారన్నమాట. పది నిమిషాలకు మించి రాయకండి, "రాస్తే బరువుగా ఉంటోంది" అన్న మాటను ఉన్నది ఉన్నట్టుగా వచ్చే వారం ఆవిడ ముందు పెట్టండి.

జవాబు: సిద్దిపేట_మాస్టారు

అమ్మా, నేను బడిపంతులును, నాకు తెలిసింది నా అనుభవం మాత్రమే. మా అబ్బాయి ఫోనులోంచి తల ఎత్తకుండా జవాబిస్తే నాకు గొంతు పట్టేసేది, వెంటనే చేయి లేచేది. "ఆ గొంతు పట్టేయడం మీకు మొదట ఎప్పటి నుంచి తెలుసు?" అని నా థెరపిస్టు అడిగి, నేను ఎంతసేపు మౌనంగా ఉన్నా తొందరపెట్టకుండా కూర్చున్నారు. చిన్నతనంలో మా మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేటప్పుడు, అందరి భోజనాలూ అయ్యేవరకు ఖాళీ కంచం ఒళ్లో పెట్టుకుని, ఎవరైనా నా వైపు చూస్తారేమోనని గుమ్మం దగ్గర కూర్చున్న రోజులు గుర్తుకొచ్చాయి. యాభై ఏళ్ల వయసులో అప్పుడే మొదటిసారి ఆ సంగతి మరొకరికి చెప్పాను. ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది, కానీ అది పట్టేస్తోందని తెలుస్తోంది కాబట్టి చేయి లేవడానికి ముందు ఒక క్షణం దొరుకుతోంది. మా అబ్బాయికి ఆ క్షణం చాలు.

జవాబు: వార్డు_సిస్టర్

పై రెండు జవాబులతోనూ ఏకీభవిస్తూనే ఒక జాగ్రత్త చెప్పాలి. నిద్ర, తిండి పూర్తిగా తప్పిపోయినా, పాత దెబ్బ ఏదైనా కళ్ల ముందు మళ్లీ జరుగుతున్నట్టు అనిపించినా, చనిపోవాలన్న ఆలోచన వచ్చినా, లోతుగా తవ్వుకునే పనిని ఆపి ముందు మానసిక వైద్యులను కలవాలి, మందులు అవసరమైతే వాడాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సహాయవాణి 14416 నంబరుకు రాత్రయినా పగలైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మీ కౌన్సెలర్ అర్హతలేమిటో, ఎక్కడ శిక్షణ పొందారో నేరుగా అడగడంలో మొహమాటపడవద్దు, మంచి కౌన్సెలర్ ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

కృష్ణలంక_చదువరి

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. సిస్టర్ గారూ, మీరు చెప్పిన లక్షణాలేవీ నాకు లేవు, అర్హతల గురించి తప్పక అడుగుతాను. రాత్రి నోటుపుస్తకం తీసి పాత పేజీలన్నీ చూశాను. "మందులు వేసుకున్నావా?" అని అమ్మను అడిగినప్పుడు ఆవిడ "ఇంకెన్నాళ్లులే" అన్న రోజునే దాదాపు ప్రతిసారీ అరిచాను. మూడో గడిలో అన్నిచోట్లా "కోపం" అని రాసి ఉంది. నిన్నటి పేజీలో ఆ మాట కొట్టేసి "బెంగ" అని రాశాను. శనివారం ఆ పేజీ కౌన్సెలర్‌కు చూపిస్తాను.