ఎమ్మార్సే తేల్చడానికి సెఫాక్సిటిన్ డిస్క్ చాలా, పీసీఆర్ కూడా ఉండాలా?

పెట్రీడిష్: మా ల్యాబ్‌లో స్టాఫ్ ఆరియస్ బ్యాక్టీరియా పెరిగితే ప్లేటు మీద 30 మైక్రోగ్రాముల సెఫాక్సిటిన్ (యాంటీబయాటిక్) డిస్క్ పెడతాం. డిస్క్ చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం 21 మిల్లీమీటర్లు, అంతకు తక్కువ అయితే ఎమ్మార్సే, అంటే మెథిసిలిన్ జాతి మందులకు లొంగని స్టాఫ్. 22 నుంచి సెన్సిటివ్, అంటే మందుకు లొంగేది. ఇప్పుడు ప్రతి శాంపిల్‌కూ ఆ రెసిస్టెన్స్ తెచ్చే మెక్-ఏ జన్యువు కోసం పీసీఆర్ (జన్యుపరీక్ష) చేయమంటున్నారు. నిజంగా అవసరమా?

జన్యురేఖ: అవసరమే. 21కీ 22కీ తేడా ఒక్క మిల్లీమీటరు. దాన్నిబట్టి మందు మార్చేస్తారా?

పెట్రీడిష్: ఆ గీత ఊరికే గీసింది కాదండీ. బ్యాక్టీరియా పెంచే ముల్లర్ హింటన్ అగర్, దాని మీద పూసే బ్యాక్టీరియా ద్రావణానికి 0.5 మెక్‌ఫార్లాండ్ చిక్కదనం, 35 డిగ్రీలు దాటని ఇంక్యుబేటర్, 16 నుంచి 18 గంటలు. వేడి ఎక్కువైతే రెసిస్టెన్స్ కనబడకుండా పోతుంది, అందుకే రోజూ థర్మామీటరు చూసి రాస్తాను. పైగా మెక్-ఏని బయటపెట్టడంలో సెఫాక్సిటిన్ దిట్ట, ఆక్సాసిలిన్ డిస్క్‌ను పక్కనపెట్టింది అందుకే. అదే రెసిస్టెన్స్ తెచ్చే ఇంకో జన్యువు, 2011లో బయటపడ్డ మెక్-సీ సంగతేంటి? మెక్-ఏ ఒక్కదాన్నే వెతికే పీసీఆర్‌కు అది దొరకదు.

కొత్తపీజీ: వాంకోమైసిన్‌కి కూడా డిస్క్ పెట్టొచ్చా సార్?

పెట్రీడిష్: వద్దమ్మా. డిస్క్ నమ్మలేం, ఎమ్మైసీ (బ్యాక్టీరియా పెరగకుండా ఆపే కనీస మోతాదు) చూడాల్సిందే. మిల్లీలీటరుకు 2 మైక్రోగ్రాముల వరకు సెన్సిటివ్, 4 నుంచి 8 మధ్యరకం, 16 నుంచి రెసిస్టెంట్.

జన్యురేఖ: మాట దాటేయకండి. 22 వచ్చిన ప్లేటును ఇంకో మనిషి కొలిస్తే 21 రాదా?

పెట్రీడిష్: రావచ్చు. గీత దగ్గర పడితే మళ్లీ పెడతాను, జన్యుపరీక్షకూ పంపుతాను. ప్రతిదానికీ ఎందుకు అంటున్నాను.

వార్డుడాక్టర్: ఎరిత్రోమైసిన్, క్లిండమైసిన్ డిస్కులు పక్కపక్కన పెట్టే డీ-టెస్ట్ మాత్రం మానకండి. ఎరిత్రోమైసిన్ వైపు క్లిండమైసిన్ వలయం చదునైతే క్లిండమైసిన్ పనికిరాదు.

జన్యురేఖ: స్కేలు పట్టుకున్న చేతిని నమ్మి ప్రాణాలు వదిలేయాలన్నమాట!

పెట్రీడిష్: ఆ మాట అనకండి. పన్నెండేళ్లుగా ఈ చేత్తోనే కొలుస్తున్నాను. నా ప్లేటు తప్పని ఎప్పుడు తేలింది, చెప్పండి.

జన్యురేఖ: మీ ప్లేటు అనలేదు. మా అమ్మ రక్తంలో స్టాఫ్ పెరిగింది. రిపోర్టు మూడో రోజు సాయంత్రం వచ్చింది. అప్పటిదాకా పనిచేయని మందే ఎక్కించారు. రక్తం వేసి పెంచే కల్చర్ బాటిల్ నుంచే పీసీఆర్ చేసి ఉంటే మొదటి రోజే గంటా రెండు గంటల్లో తెలిసేది.

పెట్రీడిష్: అమ్మగారికి అలా జరగడం చాలా బాధగా ఉందండీ. ఒక్కటి అడుగుతాను. ప్లేటు ఎప్పుడు చదివారు?

జన్యురేఖ: పొద్దున 9కే. 13 మిల్లీమీటర్లు. తర్వాత రికార్డు అడిగి చూశాను. సంతకం పెట్టాల్సినవారు సాయంత్రం వచ్చారు.

పెట్రీడిష్: 13 అంటే ఎవరు కొలిచినా 13కి అటూఇటూనే. మీకు నష్టం చేసింది వలయం కాదు, ఆ పగలంతా సంతకం కోసం ఆగడం.

వార్డుడాక్టర్: పొద్దునే ఫోన్ చేస్తే మందు అప్పుడే మార్చేవాళ్లం.

పెట్రీడిష్: సంతకం లేని రిజల్టు ఎలా చెప్పను సార్? రేపు తేడా వస్తే నా ఉద్యోగం పోతుంది.

జన్యురేఖ: 13 వచ్చినా చెప్పరా?

పెట్రీడిష్: చెప్పాలనే ఉంటుంది. రాతపూర్వకంగా అనుమతి ఇస్తే ఆ నిమిషమే చెబుతాను.

జన్యురేఖ: అయితే పీసీఆర్ పెట్టినా మీరు సాయంత్రం దాకా ఆగుతారు.

పెట్రీడిష్: అవును. దానికీ సంతకం కావాలి.