67 ఏళ్లకు భుజం ఆపరేషన్ చేయించాలా?

పలాస కుర్రాడు:
మాది ఉద్దానం. నాన్నకు 67. రెండు నెలల కిందట కొబ్బరి బస్తా ఎత్తుతుంటే కుడి భుజంలో కలుక్కుమంది. అప్పట్నుంచి చెయ్యి పైకి లేవట్లేదు, చొక్కా కూడా అమ్మే తొడగాలి. ఎమ్మారైలో రొటేటర్ కఫ్ టేర్, అంటే భుజం కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాడు లాంటి టెండన్ చిరిగిందని, 2 సెంటీమీటర్లని వచ్చింది. విశాఖ డాక్టరుగారు చిన్న రంధ్రాలు పెట్టి కుట్టే కీహోల్ ఆపరేషన్ అన్నారు. 'ఈ వయసులో కుట్టినా అతకదురా' అంటున్నాడు బాబాయి.

విజయనగరం మాస్టారు:
బాబాయి మాట తీసిపారేయలేం. ఫ్రాన్స్ సర్జన్ బొవాలో బృందం 2005లో ఇచ్చిన లెక్క చూడండి: కుట్టిన టెండన్ మొత్తం మీద 71 శాతం మందికి అతికింది, 65 ఏళ్లు దాటినవాళ్లలో 43 శాతానికే. ఫిన్లాండ్‌లో 55 దాటినవాళ్లకు ఆపరేషన్ చేసినా, వ్యాయామం ఒక్కటే చేయించినా ఏడాదికి తేడా కనబడలేదు. ముందు మూడు నెలలు ఫిజియో చేయించండి.

సిక్కోలు ఫిజియో:
మాస్టారూ, ఫిన్లాండ్‌లో చూసింది దెబ్బ లేకుండా అరిగి చిరిగినవి. ఈయనకు బరువెత్తుతుంటే తెగింది. ఆలస్యమైతే తెగిన కొస వెనక్కి లాక్కుపోతుంది, కండరంలో కొవ్వు చేరుతుంది, తర్వాత కుడదామన్నా కష్టం. పైగా అతకనివాళ్లలోనూ చాలామందికి నొప్పి తగ్గుతుంది, బలమే అంతగా రాదు. తమ్ముడూ, నాన్నగారికి షుగర్ ఉందా? చుట్ట కాలుస్తారా?

పలాస కుర్రాడు:
షుగర్ లేదన్నా. చుట్ట మానమంటే నన్ను కొడతాడు.

సిక్కోలు ఫిజియో:
వయసు తగ్గించలేం, చుట్ట మాన్పించగలం. పొగ తాగితే కుట్టింది సరిగా అతకదు. ఇంకోటి, ఉద్దానం అన్నావు కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా నొప్పి మాత్రలు వేయకండి. మన దగ్గర కిడ్నీ జబ్బులు ఎక్కువన్న సంగతి తెలిసిందే కదా.

ఆముదాలవలస కోడలు:
మా అత్తగారికి 70లో చేయించాం. ఆపరేషన్ ఒక్క పూట పని, ఆ తర్వాతే అసలు టెన్షన్. ఆరు వారాలు చెయ్యి కదలకుండా మెడకు వేసే స్లింగ్ తియ్యొద్దన్నారు. మూడో వారంలో నొప్పి తగ్గిందని అది విప్పి దండెం మీద వేసి, చేట పట్టుకుని బియ్యం చెరుగుతోంది! నా గుండె గుభేలుమంది. రాత్రుళ్లు నెల పైగా పడక కుర్చీలోనే నిద్ర. ఎనిమిదో నెలకి తన జడ తనే వేసుకుంది. అటక మీద డబ్బా మాత్రం ఇప్పటికీ అందుకోలేదు.

విజయనగరం మాస్టారు:
బస్తా సంగతి నేను సరిగా చదవలేదు, ఒప్పుకుంటున్నా. కానీ బాబూ, ఆరు వారాలు కుదురుగా కూర్చునే మనిషేనా మీ నాన్న?

పలాస కుర్రాడు:
అదే భయం మాస్టారూ. జీడిపిక్కలు రాలితే ఇంట్లో ఉండడు. అందుకే ఆ లోపే చేయించేస్తాం. రేపు క్రియాటినిన్‌కి తీసుకెళ్తున్నా. చుట్టల కట్ట అమ్మ ఇప్పటికే దాచేసింది.