విశాఖ సిరిపురంలో ఆఫీసు స్థలం తీసుకుంటున్నాం, ఏం చూసుకోవాలి?

ప్రశ్న: వెయ్యి చదరపు అడుగులని ఓనరు గారు అంటున్నారు, లోపలికెళ్తే అంత చోటు కనిపించట్లేదండి. లోపలి పనికి ఆర్కిటెక్టు కూడా కావాలి.

జవాబు: టేపు పట్టి కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల వాడుకునే చోటు, మీరే కొలిచి, అద్దె దాని మీదే మాట్లాడండి. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఇచ్చిన ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే బిల్డింగు వాడుకోవచ్చని ఇచ్చే పత్రం, చూపించకపోతే అడ్వాన్సు ఇవ్వొద్దు. లీజు రిజిస్ట్రేషన్ చేయించుకోండి.

జవాబు: ఆర్కిటెక్టుకి కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్ నంబరుందా అడగండి. ఆయన ఐదారేళ్ల కిందట చేసిన బిల్డింగు ఒకటి వెళ్లి చూడండి, మన ఉప్పుగాలికి గ్రిల్స్ తుప్పు పట్టాయా, స్లాబు అడుగున పెచ్చులూడి కమ్మీలు బయటపడ్డాయా అన్నది చూస్తే పనితనం తెలిసిపోతుంది, ఫొటోల్లో అవేవీ కనిపించవు.

జవాబు: ముందంతా అద్దాలే ఉంటే ఎలా బిగించారో ఇంజనీరుకి చూపించండి. 2014లో హుద్‌హుద్ తుపాను గాలి చూశాం కదా.