పాత ఫుటీ జట్టు ఫొటో ఏ ఏడాదిదో తేల్చడం ఎలా?

మేం మెల్‌బోర్న్‌లో ఉంటాం. మొన్న మా వీధిలో గరాజ్ సేల్‌లో ఒక ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ (ఇక్కడ ఫుటీ అంటారు) జట్టు ఫొటో రెండు డాలర్లకు కొన్నాను. చేతుల్లేని జెర్సీలు, ముందు కూర్చున్న కుర్రాడి ఒళ్లో కోడిగుడ్డు ఆకారం బంతి. బంతి మీద తెల్లగా '19' అని రాసుంది, మిగతా రెండంకెలు చెదలు తినేసింది!

అట్ట మీద 'ఎం.ఏ.ఎఫ్.ఏ.' అని ఉంది. ఇప్పటి విక్టోరియన్ అమెచ్యూర్ ఫుట్‌బాల్ అసోసియేషన్ (డబ్బు తీసుకోకుండా ఆడే క్లబ్బుల సంఘం) పాత పేరే అది అనుకుంటున్నాను. 1892లో మెట్రోపాలిటన్ జూనియర్‌గా మొదలై, 1912లో మెట్రోపాలిటన్ అమెచ్యూర్ అయింది, 1933లో విక్టోరియన్. అంటే ఆ మధ్యదే అయ్యుండాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో పోటీలు ఆగాయి కాబట్టి ఆ ఏళ్లు తీసేయొచ్చు.

ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వాళ్ల ఆన్‌లైన్ భాండాగారం ట్రోవ్‌లో, ఆర్గస్ అనే పాత మెల్‌బోర్న్ పత్రిక సంచికలు వెతికాను. స్కోర్లు, ఇంటిపేర్లు దొరికాయి గానీ ఫొటోలు లేవు. డబ్బు తీసుకోకుండా ఆడేవాళ్ల ఫొటోలు ఎవరు వేస్తారులెండి. నలుపు తెలుపు ఫొటోలో చారల్ని బట్టి క్లబ్బుని గుర్తుపట్టొచ్చా? అప్పటి జెర్సీల వివరాలు ఎక్కడైనా ఉన్నాయా? మా అబ్బాయి కూడా ఫుటీ ఆడతాడు, "ఎవరు నాన్నా వీళ్లు" అని రోజూ ప్రాణం తీస్తున్నాడు.