లివర్‌లో 5.5 సెం.మీ. గడ్డ: బయాప్సీనా, ఆపరేషనా?

ప్రశ్న:
మా అక్కకి 34 ఏళ్లు, చాలాకాలంగా గర్భనిరోధక మాత్రలు వాడుతోంది. వేరే పని మీద తీసిన అల్ట్రాసౌండ్‌లో లివర్ కుడివైపు గడ్డ కనిపించింది. నొప్పి లేదు. రిపోర్టులో "హీమాంజియోమా లేదా అడినోమా" అని రాశారు. బయాప్సీ చేయించాలా, నేరుగా తీయించేయాలా?

జవాబు 1:
ఇప్పుడే రెండూ వద్దండి. హీమాంజియోమా అంటే రక్తనాళాల గడ్డ, అడినోమా అంటే లివర్ కణాల గడ్డ, దీనికి మాత్రల్లోని హార్మోన్లతో సంబంధం ఉంటుంది; రెండూ మామూలుగా క్యాన్సర్ కావు. ముందు కాంట్రాస్ట్‌తో (గడ్డ స్పష్టంగా కనిపించేలా నరంలోకి ఎక్కించే మందుతో) ఎంఆర్‌ఐ తీయించండి. హీమాంజియోమా అయితే మందు అంచుల్లో ముద్దలు ముద్దలుగా పట్టి, నిమిషాల మీద మెల్లగా మధ్యలోకి నిండుతుంది. టీ2 అనే రకం ఎంఆర్‌ఐ చిత్రంలో గడ్డ తెల్లగా వెలిగిపోతుంది. అలా స్పష్టంగా తేలితే బయాప్సీ అవసరమే లేదు, పైగా అది రక్తనాళాల గడ్డ కాబట్టి సూది గుచ్చితే రక్తస్రావం కావచ్చు. ఎఫ్‌ఎన్‌హెచ్ (ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లేసియా) అనే మూడో రకం, క్యాన్సర్ కాని గడ్డ కూడా ఉంది. గాడాక్సెటేట్ అనే కాంట్రాస్ట్ మందు వాడితే 20 నిమిషాల తర్వాత కూడా ఎఫ్‌ఎన్‌హెచ్ దాన్ని పట్టి ఉంచుతుంది, అడినోమా చాలావరకు వదిలేస్తుంది. కొన్ని అడినోమాలు మాత్రం పట్టి ఉంచి తికమక పెడతాయి. అలా తేలనప్పుడే బయాప్సీ. సిర్రోసిస్ (లివర్ గట్టిపడే జబ్బు) గానీ హెపటైటిస్ బి గానీ ఉంటే ఈ లెక్కలన్నీ మారతాయి, ముందే డాక్టరుకి చెప్పండి.

జవాబు 2:
అడినోమా అని తేలితే మొదటి వైద్యం గర్భనిరోధక మాత్రలు ఆపేయడమే. బరువు ఎక్కువుంటే తగ్గాలి. 6 నెలలకు మళ్లీ ఎంఆర్‌ఐ. మాత్రలు ఆపాక చాలా గడ్డలు మెల్లగా చిన్నవవుతాయి. అప్పటికీ 5 సెం.మీ. లేదా అంతకన్నా ఎక్కువుంటే, లేదా పెరుగుతుంటే తీయించాలి. ఎందుకంటే పెద్దవి పగిలి రక్తం కారే ప్రమాదం ఉంది, కొన్ని క్యాన్సర్‌గా మారతాయి. బీటా-కాటెనిన్ అనే జన్యు మార్పు ఉన్నవాటిని (వీటికి క్యాన్సర్ ప్రమాదం ఎక్కువ) సైజు చూడకుండా తీస్తారు, మగవాళ్లలో అయితే ఏ అడినోమానైనా అంతే.

ఈలోగా కుడి పక్కటెముకల కింద ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం వస్తే ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. అక్కడ సాధారణంగా ముందు ఎంబొలైజేషన్‌తో రక్తనాళం మూసి, పరిస్థితి కుదుటపడ్డాకే ఆపరేషన్ సంగతి చూస్తారు.

జవాబు 3:
పిల్లల ఆలోచన ఉంటే డాక్టరుతో ఇప్పుడే మాట్లాడండి. పెద్ద అడినోమాకి గర్భం రాకముందే వైద్యం చేయడం మేలు. చిన్నదైతే గర్భంలో 6–12 వారాలకోసారి అల్ట్రాసౌండ్‌తో గమనిస్తారు.

ప్రశ్న అడిగినవారు:
మాత్రలు ఆపితే బదులు ఏం వాడొచ్చు? హీమాంజియోమా అయినా ఆపాలా?

జవాబు 2:
కాపర్-టీలో హార్మోన్లు ఉండవు, నిశ్చింతగా వాడొచ్చు. ఎంఆర్‌ఐ వచ్చేదాకా మాత్రలు ఆపి ఉంచడమే మంచిది. హీమాంజియోమా లేదా ఎఫ్‌ఎన్‌హెచ్ అని తేలితే గడ్డ కోసం మాత్రలు మానక్కర్లేదు. 5.5 సెం.మీ. ఉందని హీమాంజియోమాకి ఆపరేషనూ అక్కర్లేదు.