పద్ధతి లేని వాళ్లకే డీఎక్స్ దొరుకుతుంటే మనమెందుకు పద్ధతి పాటించాలి?

నాబ్_తిప్పేవాడు:

రాత్రి నుంచి ఒకటే చిరాగ్గా ఉంది, అందుకే ఇక్కడ పెడుతున్నా. హామ్ రేడియోలో, 20 మీటర్ల బ్యాండ్ మీద, ఒక దీవి నుంచి డీఎక్స్‌పెడిషన్ (అరుదైన చోటికి వెళ్లి అక్కడి నుంచి అందరితో మాట్లాడే బృందం, ఆ దూరపు స్టేషన్‌నే డీఎక్స్ అంటాం) నడుస్తోంది. డీఎక్స్‌సీసీ జాబితాలో (దేశాలు, దీవుల లెక్క) ఉన్న 340లో నాకింకా లేనిది, మళ్లీ ఎన్నేళ్లకు వస్తుందో తెలియనిది. ఎస్‌ఎస్‌బీలో (గొంతుతో మాట్లాడే మోడ్) 14.195 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడుతూ "ఫైవ్ టు టెన్ అప్", అంటే ఐదు నుంచి పది కిలోహెర్ట్జ్ పైన పిలవండి, అంటున్నాడు. నాకు శుభ్రంగా వినపడుతున్నాడు. స్ప్లిట్ పెట్టుకుని (ఒకచోట విని ఇంకోచోట పంపడం), రెండో ఫ్రీక్వెన్సీ నాబ్ వీఎఫ్‌ఓ బీని 14.202 మీద ఉంచి, ఒక్కసారి పూర్తి కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు అక్షరాలు) చెప్పి ఆగుతున్నా. ఆయన "చివర్లో కిలో లీమా, ఓన్లీ కిలో లీమా" అంటే నోరు మూసుకుని కూర్చుంటున్నా, ఎందుకంటే నా కాల్‌లో ఆ K, L అక్షరాలు లేవు.

నాకు కాస్త పైన ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఆయన కాల్‌లోనూ కిలో లేదు, లీమా లేదు. అయినా ఆపకుండా పిలుస్తూనే ఉన్నాడు, కాసేపటికి కాంటాక్ట్ ఆయనకే దొరికింది! ఇంకొకాయన చివరి రెండక్షరాలు తప్ప కాల్‌సైన్ చెప్పడు, ఆయనకీ దొరికింది. నేను మాత్రం బ్యాండ్ మూసుకుపోయేదాకా మర్యాదస్థుడిలా కూర్చుని లేచాను.

ఇక పొరపాటున అక్కడే పిలిచినవాళ్లను సరిదిద్దడానికి డీఎక్స్ ఫ్రీక్వెన్సీ మీదే "అప్ అప్ అప్" అని అరిచే బ్యాచ్ సంగతి సరేసరి.

నా దగ్గర 100 వాట్లు, ఒక డైపోల్ (మామూలు తీగ యాంటెన్నా). రూల్స్ ఏంటో చెప్పమని అడగట్లేదు, డీఎక్స్ కోడ్ ఆఫ్ కాండక్ట్ చదివాను. అది పాటిస్తే నిజంగా కాంటాక్ట్ దొరుకుతుందా, లేక మంచివాడన్న పేరుతోనే సరిపెట్టుకోవాలా? అనుభవం ఉన్నవాళ్లు సూటిగా చెప్పండి.

గ్రేలైన్:

సూటిగానే చెప్తా, ఏమీ అనుకోవద్దు. పద్ధతిలో మీరు సగమే పాటిస్తున్నారు. నోరు ఆపారు, బాగుంది, కానీ చెవి ఎక్కడ పెట్టారు? రాత్రంతా 14.202 మీదే ఉన్నానంటున్నారు. డీఎక్స్ ఆ సమయంలో ఎక్కడ వింటున్నాడో ఒక్కసారైనా చూశారా? "ఫైవ్ టు టెన్ అప్" అంటే 14.200 నుంచి 14.205 దాకా ఎక్కడైనా కావచ్చు. ఆయన 14.204లో ఉన్నప్పుడు మీరు 202లో ఎంత మర్యాదగా పిలిచినా ఆయనకు చేరదు.

కోడ్‌లో మొదటి మాటే వినండి, వినండి, మళ్లీ వినండి అని. దాన్ని అందరూ ఓపిక గురించిన మాట అనుకుంటారు. కాదు, అది పని. నేను చేసేది ఇదీ. మొదట అసలు పిలవను. డీఎక్స్ ఎవరికైనా "ఫైవ్ నైన్" (59, సిగ్నల్ రిపోర్టు) అనగానే వినే చోటు మార్చే ఏ/బీ బటన్ నొక్కి (సబ్ రిసీవర్ ఉంటే ఆ నొక్కుడు కూడా అక్కర్లేదు), ఆ ఐదు కిలోహెర్ట్జ్‌లో "ఫైవ్ నైన్, థాంక్యూ" అని జవాబిస్తున్న గొంతు ఎక్కడుందో వెతుకుతా. 14.201 దగ్గర దొరికింది అనుకోండి, కాగితం మీద రాసుకుంటా. తర్వాతి వాడు 201.8, ఆ తర్వాతి వాడు 202.5. అంటే మెల్లగా పైకి పోతున్నాడు. పైన 205 తగిలాక అక్కడి నుంచి కిందికి దిగుతాడా, లేక మళ్లీ 200కి దూకుతాడా? అదీ చూస్తా. కొందరు ఒకేచోట ముగ్గురు నలుగుర్ని తీసుకుని అప్పుడు జరుగుతారు. ఆ లెక్క దొరికాక, ఆయన ఇప్పుడున్న చోట కాకుండా, పోబోయే చోట కూర్చుని ఒక్కసారి పూర్తి కాల్ చెప్తా. చివరి కాంటాక్ట్ జరిగిన చోటికి వాటర్‌ఫాల్ తెర (సిగ్నళ్లను చూపే స్క్రీన్) ఉన్న ప్రతివాడూ దూకుతాడు, అక్కడ 100 వాట్లకు దిక్కుండదు. అర కిలోహెర్ట్జ్ పక్కకు జరిగితే ఉంటుంది.

మీ పెద్దమనిషికి ఆపకుండా పిలిచినందుకు దొరకలేదు, డీఎక్స్ వినే చోటు తిరిగి తిరిగి ఆయన మీదకు వచ్చినందుకు దొరికింది. ఈసారి అలాంటి వాళ్లను కాస్త గమనించండి, డీఎక్స్ వాళ్లకే జవాబిచ్చి 59 కూడా ఇచ్చేస్తాడు, వీళ్లింకా తమ కాల్ తామే చెప్పుకుంటూ ఉంటారు. ట్రాన్స్‌మిట్ చేస్తున్నంతసేపూ రిసీవర్ మూగదే కదా. అలా దక్కినట్టే దక్కి పోయిన కాంటాక్టులు ప్రతి పైలప్‌లోనూ (ఒక్క డీఎక్స్ కోసం అందరూ ఒకేసారి పిలిచే గుంపు) ఉంటాయి, పాపం వాళ్లకు ఆ సంగతి తెలియనే తెలియదు.

సీడబ్ల్యూ (మోర్స్) వస్తే ఈ పని ఇంకా తేలిక. సాధారణంగా ఒకటి రెండు కిలోహెర్ట్జ్ పైనే ఉంటుంది, వెతకాల్సిన చోటు చిన్నది.

కిలోవాట్:

ఇవన్నీ చదవడానికి బాగుంటాయి బాస్. లెక్క రాసుకుంటూ కూర్చుంటే డీఎక్స్‌పెడిషన్ టెంట్లు సర్దుకుని పడవ ఎక్కేస్తుంది. యాంప్లిఫైయర్ కొను, కంప్రెషన్ (గొంతును గట్టిపరిచే అమరిక) పెంచు, పిలువు. గట్టిగా వినపడేవాడికే జవాబు, ఎక్కడైనా ఇంతే.

దీవి_వైపు:

అటువైపు, అంటే డీఎక్స్‌పెడిషన్‌లో, కూర్చున్నవాడిగా ఒక మాట. పవర్ వాడుకోవద్దని ఎవరూ అనరు, లైసెన్స్ ఎంత అనుమతిస్తే అంత వాడుకోండి. కానీ 100 వాట్ల నుంచి కిలోవాట్‌కు వెళ్తే పెరిగేది 10 డెసిబెల్స్, సిగ్నల్ బలం చూపే ఎస్ మీటర్ మీద రెండు గీతలు కూడా నిండవు. ఆ మాత్రం తేడా డీఎక్స్ వినని చోట పిలిచేవాడిని కాపాడదు. ఇక కంప్రెషన్ అంతా తిప్పేసి, పవర్ హద్దు చూపే ఏఎల్‌సీ మీటర్‌ను గీత దాటించి పంపితే మూడు కిలోహెర్ట్జ్‌లో ఉండాల్సిన గొంతు అటూ ఇటూ చిందుతుంది. నా హెడ్‌ఫోన్స్‌లో అది గట్టి గొంతుగా రాదు, పగిలిన గొంతుగా వస్తుంది. పక్కనున్న నలుగురినీ కప్పేస్తుంది, దాని కాల్‌సైన్ మాత్రం నాకు అర్థం కాదు.

పైలప్ అక్కడి నుంచి ఎలా వినపడుతుందో చెప్తా. మాటలు ఉండవు. ఒకటే రొద, మధ్యలో ఎక్కడో "...టాంగో", "...వన్ ఆల్ఫా". ఆ రొద ఒక్క క్షణం సన్నబడుతుంది, అందరూ ఒకసారి పిలిచి ఊపిరి తీసుకునే క్షణం అది. అప్పుడు ఎవరైనా కొంచెం పక్కన నిదానంగా, మామూలు ఫొనెటిక్స్‌లో (అక్షరానికో పదం) పూర్తి కాల్ చెప్తే, బలహీనంగా ఉన్నా టక్కున పట్టుకుంటాను. కిలోను కిలో అనే చెప్పండి, సొంత పదాలు కల్పిస్తే అలసిపోయిన చెవికి అది ఇంకో పరీక్ష.

చివరి రెండక్షరాల వాళ్ల మీద నాకు నిజంగా కోపం. పూర్తి కాల్ చెప్పినవాడితో ఒక్క విడతలో పని అయిపోతుంది: ఆయన కాల్, నా రిపోర్టు, ఆయన రిపోర్టు, థాంక్యూ. రెండక్షరాల వాడితో ముందు ఆ రెండక్షరాలు పిలవాలి, మిగతా కాల్ అడగాలి, ఆ రెండక్షరాలే ఉన్న ఇంకో ఇద్దరు మధ్యలో దూరుతారు, వాళ్లను ఆపాలి. ఆ సమయంలో ఇంకొకరు లాగ్‌లోకి వచ్చేసేవారు.

అయితే నాబ్ గారూ, మీ ఫిర్యాదులో సగం ఆ పెద్దమనిషి మీద కాదు, మైక్ దగ్గర కూర్చున్న ఆపరేటర్ మీద ఉండాలి. ఒకసారి "ఓన్లీ కిలో లీమా" అన్నాక కిలో లీమాను పూర్తి చేసే కదలాలి, మధ్యలో ఎంత గట్టి స్టేషన్ అడ్డం వచ్చినా సరే. కిలో లీమా కాసేపు దొరక్కపోతే "నిల్" అని చెప్పి కొత్తగా మొదలుపెట్టాలి. అంతేగానీ అరిచేవాడికి ఒక్కసారి లొంగితే, వింటున్న వందలమందికీ అరిస్తే పనవుతుందని నేర్పినట్టే. కాసేపట్లో మర్యాదస్థులు కూడా మొదలుపెడతారు (మీరు ఇప్పుడు అడుగుతున్నది అదే కదా). అలాగే నిమిషానికోసారైనా తన కాల్‌సైన్ చెప్పాలి, ప్రతి కాంటాక్ట్ చివర "అప్" అనాలి. చెప్పకపోతే "ఎవరిది ఈ స్టేషన్?" అని జనం ఆయన ఫ్రీక్వెన్సీ మీదకే వచ్చి అడుగుతారు. ఐదు నుంచి పది అని చెప్పి ఇరవై దాకా వినేవాళ్లూ ఉన్నారు, మిగతా జనం బ్యాండ్‌లో మాట్లాడుకోవాలన్న ఆలోచనే ఉండదు.

"నార్త్ అమెరికా ఓన్లీ" అన్నప్పుడు మిగతావాళ్లు ఊరికే మండిపడతారు. అటువైపు దారి తెరుచుకుని ఉండేది కొద్దిసేపే, లో బ్యాండ్స్‌లో (తక్కువ ఫ్రీక్వెన్సీలు) అయితే సూర్యోదయం, సూర్యాస్తమయం దగ్గర మరీ తక్కువ. మిమ్మల్ని వద్దని కాదు, మీ వేళ వేరే ఉంది.

వాటర్‌ఫాల్:

అందుకే ఎఫ్‌టీ8కి (కంప్యూటర్‌తో సందేశాలు పంపే మోడ్) రమ్మంటున్నాం. అరుపుల్లేవు, "అప్" అని అరిచే పోలీసుల్లేరు, గొంతు నొప్పి లేదు 😄

గ్రేలైన్:

అరుపులు లేవంతే, క్రమశిక్షణ అక్కర్లేదని కాదు. 15 సెకన్ల స్లాట్లు కదా, కంప్యూటర్ గడియారం రెండు మూడు సెకన్లు తప్పితే చాలు, మిమ్మల్ని డీకోడ్ చేయడం కష్టం, పైగా పక్క స్లాట్‌లోకి తోసుకుపోతారు. డీఎక్స్ ఏ స్లాట్‌లో పంపుతున్నాడో చూడకుండా అదే స్లాట్‌లో పిలిచేవాళ్లు ఎంతమందో! వాళ్లు జన్మలో ఆయన్ను వినలేరు. ఫాక్స్ అండ్ హౌండ్ మోడ్‌లో (డీఎక్స్ ఫాక్స్, పిలిచేవాళ్లు హౌండ్స్) అయితే హౌండ్స్ 1000 హెర్ట్జ్ పైనే పిలవాలి, కిందిది ఫాక్స్ చోటు. జవాబు రాగానే ప్రోగ్రామే మిమ్మల్ని కిందికి దింపుతుంది. ఆ మోడ్‌ను 14.074 లాంటి మామూలు ఎఫ్‌టీ8 ఫ్రీక్వెన్సీల మీద నడపకూడదు కూడా. ఆటో సీక్వెన్స్ పెట్టేసి టీ తాగడానికి పోతే, డీఎక్స్ ఎప్పుడో బ్యాండ్ మారిపోయినా మీ రిగ్ ఖాళీ గాలిలోకి పిలుస్తూ ఉంటుంది. మీ పెద్దమనిషికి దీనికీ తేడా ఏముంది?

నాబ్_తిప్పేవాడు:

నిజంగా థాంక్స్, ముఖ్యంగా ఆ రాసుకునే పద్ధతికి. ఇన్నాళ్లూ బీ వీఎఫ్‌ఓ అంటే పంపడానికే అనుకున్నా. ఇంకో రెండు అడుగుతా. స్ప్లిట్ మర్చిపోయి డీఎక్స్ మీదే పిలిచేవాడికి ఒకసారి మర్యాదగా "అప్" అని చెప్తే తప్పా? రెండోది, నా కాల్ ఆయన సరిగ్గా రాసుకున్నాడో లేదో అనుమానం వస్తే ఏం చేయాలి?

పాత_కీయర్:

మొదటిదానికి నేను చెప్తా. తప్పే. మర్యాదగా చెప్పినా తప్పే. ఆ మర్చిపోయినవాడు తినేది ఒక్క సెకను. సరిదిద్దడానికి వచ్చిన పదిమంది తినేది నిమిషం. ఆ పదిమందిని తిట్టడానికి ఇంకో ఐదుగురు వస్తారు, డీఎక్స్ ఈలోపు ముగ్గురికి రిపోర్టు ఇచ్చాడు, ఒక్కరికీ వినపడలేదు. తర్వాత అడిగి చూడండి, నేను కాదంటే నేను కాదంటారు. అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

కావాలని గోల చేసేవాడు ఉంటాడు, రికార్డింగులు వేసేవాడు, క్యారియర్ (మాటల్లేని ఉత్త సిగ్నల్) పెట్టి కూర్చునేవాడు. వాడికి కావాల్సిందల్లా ఎవరో ఒకరు ఉడుక్కోవడం. జవాబివ్వకండి, ఫిల్టర్ ఇరుకు చేసుకుని డీఎక్స్ మీదే చెవి పెట్టండి.

ట్యూనింగ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. డీఎక్స్ మీద గానీ, ఆయన వినే చోట గానీ క్యారియర్ వేసి యాంటెన్నా ట్యూన్ చేయడం అంత దరిద్రపు అలవాటు ఇంకోటి లేదు. డమ్మీ లోడ్ (సిగ్నల్‌ను గాలిలోకి పోనివ్వని ఉత్తుత్తి యాంటెన్నా) వాడండి. యాంటెన్నా మీదే చేయాల్సి వస్తే దూరంగా జరిగి, కాసేపు విని, ఖాళీగా ఉందా అని అడిగి, తక్కువ పవర్‌తో ముగించండి. జరగడం అంటే 14.100 మీదకు కాదు! అక్కడ ఖాళీగా అనిపిస్తుంది కానీ ప్రపంచవ్యాప్తంగా ఉన్న 18 బీకన్లు (గుర్తింపు సిగ్నల్ పంపే స్టేషన్లు) ఒకదాని తర్వాత ఒకటి, పదేసి సెకన్లు, మూడు నిమిషాలకో చుట్టు తిరుగుతుంటాయి. డీఎక్స్ దారి ఎటు తెరుచుకుందో తెలుసుకోవడానికి జనం వినేది వాటినే. 14.300 దగ్గర కూడా జాగ్రత్త, అది అత్యవసర సందేశాల చోటు.

అత్యవసరం అన్నాను కాబట్టి, 2004 డిసెంబర్‌లో అండమాన్ నుంచి నడుస్తున్న డీఎక్స్‌పెడిషన్ సునామీ రాగానే పైలప్ వదిలేసి సహాయ సందేశాలకు దిగింది. అలాంటి మాట డీఎక్స్ నోట వచ్చిందంటే "సార్, నాకొక్క 59" అని అడిగేవాడు ఉండకూడదు. ఉంటారు, అది వేరే సంగతి.

దీవి_వైపు:

రెండోదానికి: ఆయన మీ కాల్ సరిగ్గా చెప్పి 59 ఇస్తే, మీరు "ఫైవ్ నైన్, థాంక్యూ" అని ఆగిపోవాలి. మళ్లీ మీ కాల్ చెప్పకండి. చెప్పారంటే నేను తప్పు రాసుకున్నానేమో అని నాకు అనుమానం వస్తుంది, లాగ్‌లో వెనక్కి వెళ్లి చూస్తా. ఒక్క అక్షరం తప్పు చెప్తే మాత్రం రిపోర్టు ఇవ్వకుండా ముందు కాల్ సరిదిద్దండి, ఆయన నోట సరైనది వినేదాకా వదలకండి.

అయినా అనుమానం మిగిలితే క్లబ్ లాగ్ (లాగ్‌లు వెతుక్కునే వెబ్‌సైట్) చూడండి. డీఎక్స్‌పెడిషన్లు చాలావరకు దీవిలో ఉండగానే లాగ్ ఎక్కిస్తాయి. కాకపోతే నెట్ బలహీనంగా ఉంటే ఆలస్యం అవుతుంది, కాబట్టి మీ కాంటాక్ట్ జరిగిన సమయం దాటి లాగ్ ఎక్కిందో లేదో ముందు చూసుకోండి. దాటి ఎక్కింది, మీరు లేరు, అప్పుడు వాళ్లు సర్దుకోకముందే అదే బ్యాండ్, అదే మోడ్‌లో మళ్లీ పిలవండి. ఉన్నారు అంటే ఆ బ్యాండ్ మీద ఇంక పిలవొద్దు, ఎందుకైనా మంచిదని రెండోసారి లాగ్‌లోకి వచ్చేవాడు ఇంకొకరి చోటు తీసుకుంటున్నట్టే. మెయిల్ రాయాల్సి వస్తే క్యూఎస్‌ఎల్ మేనేజర్‌కు (కాంటాక్టుల ధృవీకరణ చూసేవాడు) రాయండి, తేదీ, యూటీసీ సమయం, బ్యాండ్, మోడ్ ఇచ్చి. టెంట్‌లో ఉన్న ఆపరేటర్‌కు కాదు, వాడు ఆ వేళకు జనరేటర్‌లో డీజిల్ పోస్తుంటాడు.

73 (శుభాకాంక్షలు)